మడత పడని భక్తి

పాదాలను రక్షించేది పాదరక్ష అని చిన్నప్పుడు చదువుకున్నాం. నైకీ వాళ్ల తెల్లటి ఎయిర్ ఫోర్స్ 1 లో-టాప్ (చీలమండ కిందే ఆగిపోయే షూ) కొన్నాక ఆ సమాసం నా విషయంలో తిరగబడింది. ఇప్పుడు పాదాలే దాన్ని రక్షిస్తున్నాయి.

దీని జాతకం మామూలుది కాదు. 1982లో బ్రూస్ కిల్గోర్ గీసిన డిజైన్. పేరేమో అమెరికా అధ్యక్షుడి విమానానిది. మడమ కింద గాలి తిత్తి పెట్టి నైకీ తెచ్చిన మొదటి బాస్కెట్‌బాల్ షూ ఇదే. బాస్కెట్‌బాల్ ఆటగాడు మోజెస్ మలోన్ అంతటి భారీ మనిషి ఎగిరి దూకినా తట్టుకోవాలని దాని ఉద్దేశం. ఒంటికాలి మీద గిర్రున తిరగడానికి అడుగున గుండ్రటి వలయాలు కూడా ఉన్నాయి. నేను అలా తిరిగేది బురద కనిపించినప్పుడే.

మొదట్లో చీలమండను పట్టి ఉంచే ఎత్తు, ఒక పట్టీ ఉండేవి. లో-టాప్‌లో అవి రెండూ పోయాయి. ఆటకు పనికొచ్చేది తగ్గేకొద్దీ గిరాకీ పెరగడం ఒక్క షూకే చెల్లింది (రాజకీయాల సంగతి ఇక్కడ వద్దు). తయారీ ఆపేయడంతో 1984లో దీని కథ ముగిసిపోవాల్సిందే. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో కొందరు దుకాణదారులు కొత్త రంగుల్లో మళ్లీ తెప్పించి అమ్మారు. అలా బతికిపోయింది.

అసలు తత్వమంతా మడతలో ఉంది. వేళ్ల దగ్గర తోలు మడత పడిందా, పరువు పోయినట్టే. నడిస్తే మడత పడుతుంది. కాబట్టి నిజమైన భక్తుడు నడవడు, పాదాన్ని పలకలా మోపుతూ బాతులా జరుగుతాడు. మడత పడకుండా లోపల పెట్టుకునే ప్లాస్టిక్ డొప్పలు కూడా అమ్ముతారు. అవి వేళ్లను ఒరిసేస్తాయి. ఫర్వాలేదు, వేళ్లు మానిపోతాయి. తోలు మానదు కదా! రాత్రి పాత టూత్‌బ్రష్‌తో అంచు తోమేటప్పుడు, నా పళ్ల మీద ఏనాడైనా ఇంత శ్రద్ధ పెట్టానా అని అనుమానం వస్తుంది.

మొన్న బస్టాప్‌లో లేసు ఊడింది. మోకాలు వంచి కూర్చుంటే ముందు భాగం మడత పడుతుంది. అందుకని బెంచీ మీద కూర్చుని, కాలు కర్రలా చాపి, అందని లేసు కోసం గాల్లో చేతులాడించాను. ఇంతలో బస్సు వచ్చింది. పక్కనున్న పెద్దాయన అరిగిపోయిన చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తి ఎక్కేశాడు. కిటికీలోంచి నా వైపు కాస్త జాలిగా చూశాడు. కాలికి ఏమైందోనని కాబోలు.