తప్పు ముద్ర పడిన నాణెం గారికి

అయ్యా నాణెం గారూ,

తమరి దర్జా చూస్తుంటే ఒళ్ళు మండుతోంది, ఏమీ అనుకోకండి. మాలాంటివాళ్ళం లెక్కలో ఒక్క సున్నా తప్పేస్తే నానా చీవాట్లు తింటాం, తమరేమో ఏకంగా తేదీ లేకుండా పుట్టినా జనం ఎగబడి కొంటారు. 2008లో బ్రిటన్ ఇరవై పెన్నీల నాణెం చేసిందదే కదా. సంవత్సరాన్ని బొరుసు మీంచి బొమ్మ మీదికి మార్చారు, బాగానే ఉంది, కానీ టంకశాలలో కొత్త బొరుసుకి పాత బొమ్మ అచ్చు జత చేసేసరికి రెండు వైపులా తేదీ గల్లంతు!

1955 అమెరికా సెంటు సంగతి ఇంకా ముచ్చట. అచ్చు తయారీలోనే రెండో ముద్ర కాస్త పక్కకి పడి తేదీ, అక్షరాలు రెండేసి కనిపిస్తాయి, మన కళ్ళజోడే మార్చాలేమో అన్నంతగా. టంకశాల వాళ్ళు చూడలేదా అంటే చూశారు, కాకపోతే అప్పటికే అవి మంచి నాణేల్లో కలిసిపోయాయి, కుప్పంతా కరిగించడం ఎందుకులే అని వదిలేశారు. ఆ 'ఎందుకులే'కే ఇవాళ ఇంత గిరాకీ. 1937లో అమెరికాలోనే డెన్వర్ టంకశాలలో అచ్చుని మరీ అరగదీస్తే ఐదు సెంట్ల నాణెం మీది అడవిదున్నకి ముందుకాలు ఒకటి మాయమైంది. కాలు పోతే ధర పెరిగిన పశువుని ఇంకెక్కడైనా చూశారా?

చిలీ 2008 నాటి యాభై పెసోల నాణెం మీద దేశం పేరులో 'ఎల్' ఉండాల్సిన చోట ఇంకో 'ఐ' పడింది. నాణేనికి పేరొచ్చింది, టంకశాల పెద్దాయనకి ఉద్యోగం పోయింది. ఇదేం న్యాయమండీ?

పోనీ మేమూ ఓ సొట్ట పెడదామని సుత్తి తీస్తే సేకరణ చేసేవాళ్ళు ఒప్పుకోరు. దెబ్బ టంకశాల లోపల తగిలితే అపురూపం, గడప దాటాక తగిలితే పాడైన చిల్లర, ముఖవిలువకి మించి పైసా రాదట. లోపల జరిగినా అచ్చు మీది సన్నని పగుళ్ళలాంటివి కొల్లలు, వాటి మొహం చూసేవాడుండడు.

చివరగా ఒక్క మనవి. 1943లో రాగి యుద్ధానికి కావాలని అమెరికా సెంట్లని ఉక్కుతో కొట్టారు, పాత కంచు బిళ్ళలు ఏవో కొన్ని యంత్రంలో మిగిలి ముద్ర పడ్డాయి, వాటికోసం ప్రాణం పెట్టేవాళ్ళున్నారు. ఇది తెలిసి తమరి దొంగ చుట్టాలు ఉక్కు ఒంటికి రాగిపూత పూసుకుని అమ్మకానికి నిలబడుతున్నారు, అయస్కాంతం చూపిస్తే ఎగిరి అతుక్కుంటున్నారు. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని ఊరికే అన్నారా! వాళ్ళని కాస్త అదుపులో పెట్టుకోండి.

ఇట్లు,
చిల్లర డబ్బా, భూతద్దం, అయస్కాంతంతో సహా,
తమరి భవదీయుడు