జాబితాలో నా పేరు లేదన్నా

“జాబితాలో నా పేరు లేదన్నా” అంటూ ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక చిన్న కంపెనీ వాళ్లు ఆదివారం పూట తమ మీటింగ్ రూమ్ ఇస్తే పదిమందిమి చేరాం. సగం మంది తెలుగువాళ్లమే. మేమంతా అంతో ఇంతో పనిచేసే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు (కోడ్ అందరికీ తెరిచి ఉండి, ఎవరైనా చేయి వేయగలిగే సాఫ్ట్‌వేర్‌కు) తొలిసారి పాలకమండలి ఎన్నికలు పెట్టారు. ఎవరు నిలబడ్డారో, ఎవరేం చెబుతున్నారో మాట్లాడుకుందామని కూర్చున్నాం. ఆ అమ్మాయిది హిందూపురం, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. రెండేళ్లుగా రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్ మెనూలు, ఎర్రర్ మెసేజ్‌లు, హెల్ప్ పేజీలు తెలుగులోకి తెస్తోంది. ‘సేవ్’ను ‘భద్రపరచు’ అనాలా, ‘సేవ్ చేయి’ అనాలా అని నాతో గంటసేపు వాదించిన మనిషి. ఆమెకు ఓటు లేదు. ఏడాది మొత్తానికి కొన్ని చిన్న ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, పంపిన నాకు ఉంది.

ఏం జరిగిందంటే, ఓటరు జాబితాను రిపోలోని (కోడ్ దాచే చోటులోని) కమిట్ల, అంటే ఎవరి పేరున ఎన్ని మార్పులు నమోదయ్యాయన్న లెక్క చూసి ఒక స్క్రిప్టుతో తీశారు. ఏడాదిలో ఇన్ని కమిట్లు ఉంటే ఓటు. అనువాదాలు మాత్రం వేరే వెబ్‌సైటులో జరుగుతాయి. వారానికోసారి అన్ని భాషలవీ ఒకే మూటగా, ఒక ఆటోమేటిక్ ఖాతా పేరుతో రిపోలోకి వచ్చి పడతాయి. రెండేళ్ల చాకిరీ ఆ ఖాతా పేరున జమ అయింది. ఎవరూ కావాలని చేసింది కాదు, స్క్రిప్టు రాసినవాళ్లకు ఆ సంగతి తట్టలేదు. కానీ ఫలితం మారదు కదా. ఎవరు గెలుస్తారనే దానిలో సగం ఓటింగ్ మొదలవకముందే, ఆ జాబితా దగ్గరే తేలిపోతుందని నాకు ఆ రోజు గట్టిగా అనిపించింది.

అసలు ఎన్నికలెందుకు, పని నడుస్తోంది కదా అనేవాళ్లు ఆ గదిలోనే ఇద్దరున్నారు. బెంగళూరులో ఉండేవాళ్లు ఈ మాట అంటే నాకు ఆశ్చర్యం. నగరపాలిక బీబీఎంపీలో కార్పొరేటర్ల పదవీకాలం 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికల్లేకుండా అధికారులే నడిపారు. చెత్త బండి వస్తూనే ఉంది, ఆస్తి పన్ను కడుతూనే ఉన్నాం. వానొచ్చి వీధి మునిగిన రోజున ‘మేము ఓట్లేస్తే గెలిచావు, వచ్చి చూడు’ అని పిలవడానికి మాత్రం వార్డులో మనిషి లేడు. సాఫ్ట్‌వేర్ కమ్యూనిటీలోనూ అంతే, మామూలు రోజుల్లో లోటు కనబడదు. ప్రాజెక్టు బాధ్యతలు చూసే ఇద్దరు మెయింటెయినర్లు పోట్లాడుకున్నప్పుడో, విరాళాల డబ్బు ఎక్కడ ఖర్చయిందని ఎవరైనా అడిగినప్పుడో తెలుస్తుంది.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు ఇది 2018లో ఎదురైంది. భాషను సృష్టించిన గిడో వాన్ రోసమ్ అప్పటిదాకా అన్నిటికీ చివరి మాట చెప్పేవారు. ఆ ఏడాది జులైలో, భాషలో ఒక మార్పు కోరిన పెప్ 572 అనే ప్రతిపాదన మీద సాగిన రచ్చతో అలసిపోయి తప్పుకున్నారు. తన తర్వాత ఎవరన్నది చెప్పలేదు, మీరే తేల్చుకోండన్నారు. భాష కోడ్‌ను నేరుగా మార్చే హక్కున్న కోర్ డెవలపర్లు నెలల తరబడి చర్చించి, పాలన ఎలా ఉండాలన్న దానిపై ఏడు ప్రతిపాదనలు ఓటుకు పెట్టుకున్నారు. డిసెంబరులో అయిదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ పద్ధతి నెగ్గింది. 2019 మొదట్లో ఎన్నికైన తొలి కౌన్సిల్‌లో గిడో కూడా ఉన్నారు, అందరిలాగే ఓట్లు పడి. ఆ కథలో నాకు బాగా నచ్చేది ఆ చివరి సంగతే.

మా చర్చ మాత్రం ఎక్కువసేపు లెక్కింపు పద్ధతి చుట్టూనే తిరిగింది. ఇంజనీర్లం కదా. అది అనవసరమని అనను. ఆఫీసులో తొమ్మిదిమంది లంచ్‌కి వెళ్లాలనుకోండి. నలుగురికి బిర్యానీ కావాలి, అది కాకుంటే ఉడిపి హోటల్. ముగ్గురికి ఆంధ్రా మెస్, లేదంటే ఉడిపి. ఇద్దరికి మొదటే ఉడిపి, తర్వాత మెస్. ఒక్కొక్కరు ఒక్క ఓటే వేస్తే నాలుగు ఓట్లతో బిర్యానీ గెలుస్తుంది, మిగతా అయిదుగురూ మొహం మాడ్చుకుంటారు. అదే ఇష్టాలను వరసగా రాయించి జతలు జతలుగా పోలిస్తే, ఉడిపి బిర్యానీని 5–4తో, మెస్‌ను 6–3తో ఓడిస్తుంది. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు తన నాయకుణ్ని ఏటా ఎన్నుకునేది ఈ తరహా వరస ఓట్లతోనే. అక్కడ బ్యాలట్‌లో ‘వీళ్లెవరూ వద్దు’ అనే గడి కూడా ఉంటుంది. మనకూ 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది గానీ, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు ఎన్ని పడ్డా మిగిలినవాళ్లలో ముందున్నవాళ్లే గెలుస్తారు. డెబియన్‌లో ఆ గడితో పోల్చి ఓడిపోయిన అభ్యర్థి పోటీలోంచి పోతారు.

ఇంత చక్కటి లెక్క కూడా జాబితాలో లేని మనిషి ఓటును లెక్కపెట్టలేదు. ఇది డెబియన్ వాళ్లకు తట్టింది. ప్యాకేజీలు తయారుచేసేవాళ్లే కాదు, అనువాదం, డాక్యుమెంటేషన్ లాంటి పనులు చేసేవాళ్లు కూడా పూర్తి సభ్యులు కావచ్చని 2010లో ఓటు వేసి మరీ తీర్మానించుకున్నారు. సర్వర్లలో వాడే కుబెర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు స్టీరింగ్ కమిటీ ఎన్నికల్లో, ప్రాజెక్టు సభ్యులకు ఏడాదిలో 50 కాంట్రిబ్యూషన్లు ఉంటే ఓటొస్తుంది. కోడ్ ఒక్కటే కాదు, వేరొకరి మార్పును రివ్యూ చేసినా, ఇష్యూ (నమోదైన సమస్య) మీద వ్యాఖ్య రాసినా లెక్కలోకి వస్తుంది. అయినా కొంతమంది పని ఆ లెక్కకు అందదని వాళ్లకు తెలుసు. అందుకే ‘నేనూ పనిచేశాను, నాకూ ఓటివ్వండి’ అని అడిగే ఫారం ఒకటి పెట్టారు. మా ప్రాజెక్టు నియమావళిని నేను రెండుసార్లు చదివాను. టై అయితే ఏం చెయ్యాలో ఒక పేజీ ఉంది. పేరు గల్లంతైతే ఎవరికి చెప్పుకోవాలో ఒక్క లైను కూడా లేదు.

బెంగళూరుకు సంబంధించి ఇంకో చిక్కు ఉంది, దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. ఔటర్ రింగ్ రోడ్డు టెక్ పార్కుల్లో ఒకే కంపెనీలో, ఒకే ఫ్లోర్‌లో కూర్చుని ఒకే ప్రాజెక్టుకు కోడ్ రాసే టీమ్‌లు ఉంటాయి. వాళ్లు జీతానికి రాస్తారు కాబట్టి కమిట్లు దండిగా ఉంటాయి, జాబితాలో అందరి పేర్లూ ఉంటాయి. ‘మనవాడు నిలబడ్డాడు, చూసుకోండి’ అని మేనేజర్ రోజువారీ స్టాండప్ మీటింగులో ఒక్కమాట అంటే చాలు. అందుకే పైథాన్ కౌన్సిల్ అయిదుగురిలో ఒకే సంస్థ ఉద్యోగులు ఇద్దరికి మించకూడదు. ఏడుగురున్న కుబెర్నెటీస్ కమిటీలో కూడా ఇద్దరే. ఎవరైనా ఉద్యోగం మారడం వల్ల ఆ సంఖ్య దాటితే, దిగిపోయి సరిచేయాల్సిందే. మంచి నియమం. కానీ అది కుర్చీలకు హద్దు పెడుతుందే తప్ప, ఫ్లోర్ అంతా కలిసి వేసే ఓట్లకు పెట్టదు. అక్కడ కాపాడేది రహస్య బ్యాలట్ ఒక్కటే. డెబియన్‌లో నాయకుడి ఎన్నిక ఎప్పుడూ రహస్యమే గానీ, తీర్మానాల మీద ఎవరు ఎలా ఓటేశారో పేర్లతో సహా బయటికి వచ్చేది. 2022లో దాన్ని కూడా ఆపేశారు. మా ఎన్నికలో అభ్యర్థికి మద్దతును చాట్ గ్రూపులో బొటనవేలు గుర్తుతో చూపమన్నారు. వాళ్లకు అది సరదా కావచ్చు. అప్రైజల్ నెలలో ఉన్న జూనియర్‌కు అది సరదా కాదు.

నిలబడేవాళ్ల సంగతి చూస్తే మరీ దిగులు. 2019లో డెబియన్ నాయకుడి పదవికి నామినేషన్ల గడువు ముగిసేసరికి ఒక్క పేరూ రాలేదు, వారం పొడిగించాల్సి వచ్చింది. జీతం లేని కుర్చీ, పైగా అందరూ తిట్టే కుర్చీ. మనవాళ్లకు ఇంకో రెండు కష్టాలు. మీటింగులు అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం తొమ్మిదికి పెడితే మనకు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. చంటిబిడ్డ ఉన్న తల్లి ఆ కమిటీలో ఎలా కూర్చుంటుంది? మీటింగు వేళను వంతులవారీగా మార్చాలన్నది నియమావళిలోనే ఉండాలి, అధ్యక్షుడి మంచితనానికి వదిలేయకూడదు. రెండోది మనలోనే ఉంది. ఆ గదిలో ఒక గుంటూరు కుర్రాడున్నాడు. ప్రాజెక్టు టెస్టులు ఫెయిలైనప్పుడల్లా అందరూ వెతుక్కునేది అతన్నే. ‘నువ్వు నిలబడొచ్చుగా తమ్ముడూ’ అంటే, ‘బగ్ ఇవ్వండన్నా చూస్తా, ఆ స్టేట్‌మెంట్ రాయాలంటేనే టెన్షన్’ అన్నాడు. నామినేషన్ గడువు అప్పటికి రెండు రోజులే ఉంది. ముగ్గురం కూర్చుని అతను తెలుగులో చెబుతుంటే ఇంగ్లిష్‌లో రాసి చూపించాం. పంపలేదు. వచ్చే ఏడాది చూద్దామన్నాడు.

హిందూపురం అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. అనువాదాల సైటులో తన పేరుతో ఉన్న పేజీ, తేదీలతో సహా డౌన్‌లోడ్ చేసుకుని, ఎన్నికల బాధ్యులకు నాలుగు లైన్ల మెయిల్ రాసింది. నాలుగో రోజు జవాబొచ్చింది. ఆమె పేరు చేర్చారు. మిగతా భాషల వాళ్ల వివరాలు కూడా ఇలాగే తీయగలరా అని అందులోనే అడిగారు. ఆ రాత్రే ఆమె కన్నడ, తమిళ, మలయాళ, ఒడియా జట్లకు రాసింది. కన్నడ జట్టు నుంచి ఆరు పేర్లు వచ్చాయి, తమిళం నుంచి తొమ్మిది. జాబితా ఖరారు కావడానికి ఇంకా మూడు రోజులుంది. ఒడియా వాళ్ల దగ్గర్నుంచి జవాబు రావాలి.