వంట నేర్పే ముందు మూత వేయడం నేర్పండి

విశాఖ మధురవాడలో మా ఇంట్లో ఉండి ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు పోయిన ఆదివారం తొలిసారి పునుగులు వేయబోయాడు. నూనె కాగుతుండగా ఫోను వస్తే ముందు గదిలోకి వెళ్ళాడు. మూకుడులోని నూనె పొగలు కక్కి, భగ్గున అంటుకుంది. పరుగున వచ్చినవాడు మొదట అందుకున్నది నీళ్ళ చెంబు. ఆ చెయ్యి పట్టి ఆపి, స్టవ్ కట్టేసి, ఇడ్లీ పాత్ర మూతను పక్కనుంచి జరిపి కప్పేసరికి మంట అణిగింది.

వాణ్ణి తప్పు పట్టలేను. నిప్పు మీద నీళ్ళు పోయాలని పసితనం నుంచి చెప్పింది మనమే. మండుతున్న నూనెలో నీరు పడితే, నూనెకన్నా బరువైనది కనుక అడుక్కి దిగి, ఆ వేడికి క్షణంలో సుమారు 1,700 రెట్లు పెరిగి ఆవిరై, నూనెను నిప్పు తుంపరలుగా ముఖం మీదికి, పైకప్పు దాకా ఎగజిమ్ముతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఉప్పు ఎంత వేయాలో, పోపు ఎప్పుడు పెట్టాలో ఓపికగా నేర్పే పెద్దలు ఈ ఒక్క మాట వదిలేయడం నాకు చాలా బాధగా ఉంది.

చదువుకోసం పిల్లలను మద్దిలపాలెంలోనో, ఎంవీపీ కాలనీలోనో గదిలో దింపేటప్పుడు ఆవకాయ, కందిపొడి సర్ది ఇస్తాం. మూకుడుకు సరిపడే లోహపు మూత కూడా ఇవ్వండి; గాజుది వేడికి పగలవచ్చు. మంట ఆరినా నూనె బాగా చల్లారేవరకు ఆ మూత తీయకూడదు, ఎందుకంటే గాలి తగిలితే మళ్ళీ అంటుకుంటుంది. మండే మూకుడును ఎత్తి బయటికి తీసుకుపోవడం కూడా పెద్ద ప్రమాదం: ఒలికిన నూనె కాళ్ళ మీదే పడుతుంది. మూతకు లొంగని మంటైతే, అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయాలి.

మన ఊళ్ళో ఇంకో సంగతి ఉంది. కిటికీలోంచి వచ్చే సముద్రపు గాలికి సన్నని మంట చప్పుడు లేకుండా ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. సిలిండరు గ్యాస్ గాలికన్నా బరువైనది కనుక నేలబారున పేరుకుంటుంది. వాసన రాగానే ఫ్యాను గానీ లైటు గానీ వేయకుండా, ఆర్పకుండా, స్టవ్, రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వెళ్ళాక గ్యాస్ లీకుల అత్యవసర నెంబరు 1906కు ఫోను చేయాలి. ఆ నెంబరును మా వంటగది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.