కొంగలకి నచ్చిన గేదె

బైనాక్యులర్ మీద 8×42 అని ఉంటే అదేదో సీరియల్ నంబరనుకున్నాను. దూరాన ఉన్నది ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందట, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లట. పిట్టతోపాటు నా చేతి వణుకు కూడా ఎనిమిది రెట్లవుతుందని మాత్రం అమ్మినవాడు చెప్పలేదు.

శరదృతువులో వలస పిట్టలు దిగుతాయి, మన పొలంలోనే చూద్దాం రమ్మని ఇంటిల్లిపాదినీ తెల్లారకముందే లేపాను. అంతకుముందు రాత్రి వాళ్లలో ఉత్సాహం నింపడానికి ఓ సంగతి చెప్పాను. 2022 అక్టోబరులో అయిదు నెలల పిట్ట ఒకటి అలాస్కాలో లేచి, ఎక్కడా వాలకుండా 11 రోజులు ఎగిరి, 13,560 కిలోమీటర్ల అవతల టాస్మేనియాలో దిగింది. మా మేనల్లుడు నోరు తెరుచుకుని విన్నాడు. తెల్లారగట్ల దుప్పటి లాగేస్తే మాత్రం, "ఆ పిట్టని కూడా ఇలాగే లేపారా మావయ్యా?" అన్నాడు.

"ట్రాక్టర్ మీద రండ్రా, పిట్టలు బెదరవు" అన్నాడు బాబాయి.

ఆ మోతకి పిట్టలుంటాయా? నవ్వేసి ఊరుకున్నాను. బండిని చూసి కదలని పిట్ట కూడా రెండు కాళ్ల మనిషిని చూస్తే ఎగిరిపోతుందన్నది ఆయన రోజూ చూసే విషయం. నేను చదివిన పుస్తకంలో అక్కడిదాకా రాలేదు.

మేం గట్టెక్కామో లేదో, తీతువు చూసేసింది. తీతువు ఒక్కటి చూస్తే చేనంతా చూసినట్టే. అది పెట్టిన గోలకి ఉన్న పిట్టలన్నీ లేచిపోయాయి. మేం పక్క మడికి వెళితే అదీ వచ్చి, అక్కడి వాళ్లకీ మా సంగతి చెప్పింది.

చివరికి కంప మీద చిన్న పిట్ట ఒకటి మిగిలింది. పుస్తకం తిరగేశాను. అందులో అన్నీ జతకట్టే కాలంలో పెళ్లికొడుకుల్లా ముస్తాబైన మగ పిట్టల బొమ్మలు. శరత్తు వచ్చేసరికి చాలా పిట్టలకి ఆ ఈకలు రాలిపోయి, తండ్రీ తల్లీ పిల్లా అంతా ఒకటే మట్టిరంగు. "గోధుమరంగు పిట్ట" అని రాయించాను. రెండోది కనబడితే, "ఇంకో గోధుమరంగు పిట్ట." మా చెల్లెలు ఆవులించింది.

అప్పుడు కనబడింది డేగ, నడినెత్తిన చక్కర్లు కొడుతూ. బైనాక్యులర్ కళ్లకి ఆనించి, మెడ విరిచి, దాని వెంట నడిచాను.

"అన్నయ్యా, బోదె!"

"ష్! ఎగిరిపోతుంది."

ఎగిరింది నేనే. బోదె అవతలి మడిలో పడ్డాను. లేచి నిలబడేసరికి మోకాళ్ల దాకా బురద. కుడికాలు లాగితే ఎడమకాలు దిగుతుంది, ఎడమది లాగితే కుడిది. ఒక చెప్పు ఎక్కడో లోపలే ఉండిపోయింది. నేను తన్నుకుంటున్న కొద్దీ చుట్టూ మిడతలు, కప్పపిల్లలు చెల్లాచెదురుగా లేస్తున్నాయి.

ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక తెల్ల కొంగ నాకు మూరెడు దూరంలో దిగింది. వెనకే ఇంకోటి. నల్ల ముక్కు, పసుపు పాదాలు ఉంటే చిన్న కొంగ, ముక్కే పసుపైతే గొడ్ల కొంగ. చదివింది ఆ స్థితిలో గుర్తొచ్చిందంటే నాకే ముచ్చటేసింది. పసుపు ముక్కులే. బైనాక్యులర్ ఎత్తితే రెండు కళ్లలోనూ బురదే కనిపించింది.

గట్టు మీంచి బాబాయి తాపీగా చెప్పాడు: "గేదె నడిస్తే గిట్టల కింద మిడతలు లేస్తాయి కదరా. వాటి కోసం వెంట తిరుగుతాయి. ఇప్పుడు నువ్వే వాటికి గేదెవి."

నన్ను బయటికి లాగుతారేమోనని ఆగాను. కొంగలు ఒక్కొక్కటే జారుకోవడం మొదలెట్టాయి.

"ఆగకు మావయ్యా, పోతున్నాయి! కాళ్లాడించు!"

"లెక్క తప్పింది, ఇంకాసేపు" అంది మా అమ్మ కూడా.

కన్నతల్లి అడిగాక తప్పుతుందా? ఆడించాను. పదకొండు తేలాయి. అందరూ ఫొటోలు తీసుకున్నాక, బాబాయి వెళ్లి ట్రాక్టర్ తెచ్చాడు. తాడు కట్టి నన్ను లాగి, తొట్టిలో కూర్చోబెట్టి, పచ్చిక మీదుగా ఇంటికి తిప్పాడు.

టైర్ల కింద మిడతలు లేచేసరికి కొంగలన్నీ ట్రాక్టర్ వెంట పడ్డాయి. నాకేసి ఒక్కటీ చూడలేదు.