అనుమతి ఇచ్చే ముందు ఊరి మాట వినాలి

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు పడమరన, వర్జీనియా రాష్ట్రంలో ఉన్న లౌడన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) తెలుగువారికి కొత్త కాదు. ఆష్‌బర్న్, ఆల్డీ, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్ అంటే ఇక్కడ ఎందరో తల్లిదండ్రులకు తమ పిల్లలుండే ఊళ్లు. ఇంటర్నెట్‌ను నడిపించే సర్వర్లు వేల సంఖ్యలో ఉండే భారీ భవనాలు, అంటే డేటా సెంటర్లు, ప్రపంచంలో మరెక్కడా లేనంత దట్టంగా ఉన్నదీ అక్కడే. ఆ కౌంటీని నడిపే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ 2025 మార్చిలో ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. ఇకపై కౌంటీలో కొత్తగా డేటా సెంటర్ కట్టాలంటే ముందు బహిరంగ విచారణ జరగాలి, జనం చెప్పింది విన్నాక బోర్డు ఓటు వేసి ఒప్పుకోవాలి. ఈ నిర్ణయాన్ని మేం మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. విశాఖపట్నం చుట్టూ డేటా సెంటర్ల కోసం భూములు సిద్ధమవుతున్న వేళ, ఆ కౌంటీ ఇక్కడిదాకా ఎలా వచ్చిందో మన పాలకులూ ప్రజలూ తెలుసుకోవడం అవసరం.

లౌడన్ బోర్డులో 9 మంది ఉంటారు. ఛైర్‌ను కౌంటీ ఓటర్లంతా కలిసి, మిగతా 8 మందిని ఒక్కో డిస్ట్రిక్ట్ ఓటర్లు నాలుగేళ్లకోసారి ఎన్నుకుంటారు. పైకి మన జిల్లా పరిషత్తులా కనిపిస్తుంది కానీ చేతిలో ఉన్న అధికారానికి పోలికే లేదు. ఆస్తి పన్ను రేటు ఎంతో, బడులకు ఎంత డబ్బు ఇవ్వాలో, ఏ నేల మీద ఏం కట్టవచ్చో తేల్చేది ఆ బోర్డే. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా రికార్డవుతుంది. ఓటర్లు దాన్ని గుర్తుపెట్టుకుంటారు.

అంత అధికారం ఉన్న బోర్డు డేటా సెంటర్ల విషయంలో మాత్రం చాలా ఏళ్లు పక్కకు తప్పుకుంది. కౌంటీలోని కొన్ని జోన్లలో డేటా సెంటర్ కట్టడం భూమి యజమాని హక్కుగా ఉండేది. ఎత్తు, ఖాళీ స్థలం లాంటి నిబంధనలు పాటిస్తే చాలు, అధికారులు కాగితాలు చూసి సంతకం పెట్టేవారు. విచారణ లేదు, ఓటు లేదు. పక్క కాలనీవాళ్లకు విషయం తెలిసేసరికి పునాదులు పడుతుండేవి. ఇల్లు కొన్నప్పుడు ఎదురుగా చెట్లున్న చోట, కొన్నేళ్లకు కిటికీల్లేని భారీ గోడ లేచేది. అలాంటి కుటుంబం ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి? ఓటేసి గెలిపించిన సూపర్‌వైజరే తన చేతుల్లో ఏమీ లేదంటే ఇక ఆ ఓటుకు విలువేముంది? మార్చి నిర్ణయం ఈ దారిని మూసింది. అప్పటికే దరఖాస్తు చేసుకున్న కొన్ని ప్రాజెక్టులకు పాత నియమాన్నే వర్తింపజేశారు కాబట్టి పూర్తి ఫలితం కనిపించడానికి ఇంకా సమయం పడుతుంది.

బోర్డు ఇన్నాళ్లు ఊరుకోవడానికి కారణం డబ్బు. దాన్ని దాచాల్సిన పనిలేదు. డేటా సెంటర్‌లోని సర్వర్ల మీద కూడా అక్కడ ఏటా పన్ను ఉంటుంది, అదీ ప్రతి 100 డాలర్ల విలువకు 4 డాలర్లకు పైగా. సర్వర్లు పాతబడితే కొత్తవి వస్తాయి, పన్నూ మళ్లీ వస్తుంది. వాటికి బడులు అక్కర్లేదు, ట్రాఫిక్ పెద్దగా పెరగదు. దాంతో ఇళ్ల మీద పన్ను తగ్గించుకుంటూ రాగలిగారు. 2010 దశకం మొదట్లో ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకు 1.20 డాలర్లు దాటి ఉన్న రేటు 2025 నాటికి 80.5 సెంట్లకు దిగింది. ఇంటి అప్పు కడుతున్న ఏ కుటుంబానికైనా ఇది చిన్న ఊరట కాదు. డేటా సెంటర్లు వద్దని మేం అనడం లేదు. అక్కడి మన ఇంజనీర్లలో ఎంతోమందికి ఉపాధి ఈ రంగంతోనే ముడిపడి ఉంది.

అయితే రాబడి పెరిగినకొద్దీ కాదనే ధైర్యం తగ్గుతుంది. కూలింగ్ ఫ్యాన్ల హోరు రాత్రీ పగలూ ఆగదు. కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక్కో ప్రాంగణంలో పదుల కొద్దీ డీజిల్ జనరేటర్లు ఉంటాయి. వర్జీనియా శాసనసభ తరఫున పనిచేసే ఆడిట్ కమిషన్ 2024 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, డేటా సెంటర్లను అడ్డూ అదుపూ లేకుండా పెరగనిస్తే పదేళ్లలో ఆ రాష్ట్ర కరెంటు డిమాండ్ రెట్టింపు అవుతుంది. అంత కరెంటు తేవాలంటే ఇళ్ల మధ్య నుంచి కొత్త హైటెన్షన్ లైన్లు వేయాలి. ఆ లైన్ల మీద తుది మాట కౌంటీ బోర్డుది కాదు, రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో ఉన్న నియంత్రణ సంస్థ స్టేట్ కార్పొరేషన్ కమిషన్‌ది. అంటే, భవనానికి అవునన్న రోజునే లైన్లకూ సగం ఒప్పుకున్నట్టు. తర్వాత భూగర్భంలో వేయండని వేడుకోవడమే మిగులుతుంది. భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడే విచారణ కావాలని మేం పట్టుబట్టడానికి ముఖ్య కారణం ఇదే.

పక్కనే ఉన్న ప్రిన్స్ విలియం కౌంటీలో విచారణ జరిగింది. అయినా అన్యాయమే జరిగిందని మా అభిప్రాయం. 1861, 1862లలో అంతర్యుద్ధం నాటి రెండు పెద్ద పోరాటాలు జరిగిన మనాసస్ యుద్ధభూమిని ఆనుకుని, సుమారు 2,100 ఎకరాల్లో ‘డిజిటల్ గేట్‌వే’ పేరుతో డేటా సెంటర్ల సముదాయం కట్టాలన్నది ప్రతిపాదన. 2023 జూన్‌లో జరిగిన డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో, బోర్డు ఛైర్ ఆన్ వీలర్ ఓడిపోయారు. గెలిచిన డెషుండ్రా జెఫర్సన్ డేటా సెంటర్ల విస్తరణను వ్యతిరేకిస్తూ ప్రచారం చేసినవారు. జనం మనసులో ఏముందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ కొత్త బోర్డు జనవరిలో కొలువుదీరబోతుండగా, పాత బోర్డు డిసెంబరులో ఈ ఫైలు తీసింది. సమావేశం దాదాపు 27 గంటలు సాగింది. వందలమంది తమ వంతు కోసం రాత్రంతా కాచుకుని మాట్లాడారు. చివరికి నలుగురు అనుకూలంగా, ముగ్గురు వ్యతిరేకంగా ఓటేశారు, ఒకరు దూరంగా ఉన్నారు. ప్రతిపాదన నెగ్గింది.

కొన్ని వారాల్లో దిగిపోయే బోర్డు, తరతరాలు అనుభవించాల్సిన నిర్ణయం చేయడం చట్టప్రకారం తప్పు కాకపోవచ్చు. కానీ ఓటర్ల తీర్పును అది గౌరవించలేదు. 27 గంటలు కూర్చున్నంత మాత్రాన విన్నట్టు కాదు.

ఆ నిర్ణయాన్ని 2025 ఆగస్టులో అక్కడి సర్క్యూట్ కోర్టు కొట్టేసింది. విచారణ తేదీ గురించి పత్రికలో రావాల్సిన ప్రకటనలు చట్టం చెప్పిన గడువులో, చెప్పిన రీతిలో రాలేదన్నది కారణం. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద ప్రాజెక్టును ఆపుతారా అని కొందరికి అనిపించవచ్చు. ఆ ప్రకటన చిన్న విషయమేమీ కాదు. ఫలానా రోజున ఫలానా చోట నీ పొలం పక్కన ఏం కట్టాలో తేలుస్తున్నాం, వచ్చి మాట్లాడు అని ప్రభుత్వం పౌరుణ్ణి పిలిచే పిలుపు అది. మూలన చిన్న అక్షరాల్లో అచ్చయ్యే ఇలాంటి ప్రకటనలను మన దగ్గర ఎంతమంది చూస్తారో పత్రికగా మాకు తెలుసు. చూసేలా చేయడం ప్రభుత్వాల బాధ్యతే.

ఇక మన సంగతి. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి గిగావాట్ స్థాయి కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు వార్తల్లోకి వచ్చాయి. ఈ పెట్టుబడి రావడం మంచిదే, ఉత్తరాంధ్రకు ఇలాంటి అవకాశం తరచూ రాదు. కానీ నిర్ణయం జరిగింది ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉండే పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డులో, మంత్రివర్గంలో. జిల్లా పరిషత్తుకు, పంచాయతీకి అందులో ఓటు లేదు. పర్యావరణ అనుమతుల్లో డేటా సెంటర్లను భవన నిర్మాణాల కిందే లెక్కిస్తున్నారు, 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఆ కోవకు ప్రజాభిప్రాయ సేకరణ మినహాయింపు ఉంది. ఒక సిమెంటు ఫ్యాక్టరీకి ఊళ్లో టెంటు వేసి జనం మాట వినాలి, గిగావాట్ కరెంటు తాగే కేంద్రానికి అక్కర్లేదు. పన్ను విషయంలోనూ అంతే. ఏపీఐఐసీ పారిశ్రామిక ప్రాంతాల్లో ఆస్తి పన్ను వసూలు చేసేది ఐలా (పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ), పంచాయతీకి చేరేది అందులో ఒక వాటా. లౌడన్‌లో జనం హోరు భరిస్తే కనీసం ఇంటి పన్నయినా తగ్గింది.

చట్టం తప్పనిసరి చేయకపోయినా, నిర్మాణాలు మొదలయ్యేలోపు ప్రభావిత గ్రామాలన్నింటిలో గ్రామసభ పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వానికి ఏ అడ్డంకీ లేదు. నీళ్లు ఏ రిజర్వాయరు నుంచి రోజుకు ఎన్ని తీసుకుంటారు, ఎన్ని జనరేటర్లు పెడతారు, లైన్లు ఎవరి పొలాల మీదుగా వెళ్తాయి, ఏ రాయితీ ఎన్నేళ్లు, పంచాయతీకి ఏటా ఎంత వస్తుంది అన్న వివరాలు తెలుగులో ముద్రించి, సభకు కనీసం నెల ముందు ప్రతి సచివాలయం గోడ మీద అంటించాలి. సభలో వచ్చిన అభ్యంతరాలకు లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. మినహాయింపు జాబితా నుంచి ఇంత పెద్ద డేటా సెంటర్లను తీసేయాలని కేంద్ర పర్యావరణ శాఖను రాష్ట్రమే కోరాలి.