సవరణ: గరిటెల తాతకు హిట్ పాయింట్లు 10 కాదు, 4

మా నెల్లూరు బ్యాచ్ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, పాత్రలుగా మారి కథ నడిపే ఆట) కోసం ఉదయగిరి కొండ కింద ఊరిలాంటిది ఒకటి కట్టి, అందులో చెక్క గరిటెలు చెక్కే తాత పాత్రను పోయిన వారం ఇక్కడ పెట్టాను. ఊళ్లో మామూలు మనిషికైనా 1వ లెవెల్ ఫైటర్‌లా 10 హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె, సున్నా అయితే పడిపోతారు) ఇవ్వాలని, బలం 10 అంటే బక్కప్రాణమని రాశాను. రెండూ తప్పే. పుస్తకం తెరవకుండా గుర్తున్నది రాసేశాను.

ఐదో ఎడిషన్ 2014 నాటి నియమాల్లో మామూలు జనానికి హిట్ పాయింట్లు 4, బలం లాంటి ఆరు సామర్థ్యాలూ 10. ఆ 10 సగటు మనిషి లెక్క. దానివల్ల పాచికకు కలిసేదీ లేదు, తగ్గేదీ లేదు. తోడేలు కాటుకు నాలుగు ముఖాల పాచికలు రెండు వేసి 2 కలుపుతారు, అంటే తక్కువలో తక్కువ 4 పాయింట్లు పోతాయి. కాటు తగిలిందా, తాత పడ్డట్టే. నా లెక్కతో ఆడినప్పుడు ఆయన ఉలి పట్టుకుని రెండు తోడేళ్లను ఊరి బయటిదాకా తరిమాడు. అప్పుడే అనుమానం రావాల్సింది!

తాత చెక్కపని పనిముట్లు వాడేటప్పుడు పాచికకు కలపమని ఇచ్చిన +2 మాత్రం అలాగే ఉంచుకోండి.