మహారాజరాజశ్రీ ఎలాస్టిక్ నడుంపట్టీ గారికి

విశాఖపట్నం

అయ్యా,

ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమమేనని ఇన్నేళ్లూ మమ్మల్ని నమ్మించింది మీరే కాబట్టి ఆ ముక్క మళ్లీ రాయడం లేదు.

ముందు మీ మంచితనం గురించి చెప్పుకోవాలి. ట్రాక్ ప్యాంటులో, లెగ్గింగ్‌లో, పిల్లల నిక్కర్లో మీరుంటే ఎవరికీ ఏదీ బిగుతు కాదు. పొద్దున్నే బళ్లు ఆపేశాక బీచ్ రోడ్డు మీద నడిచే జనంలో చాలామంది నడుము మీ చేతిలోనే ఉంది. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం దాకా జనం కూర్చున్నారు కదా, ఆ పొద్దున అందరికంటే ఎక్కువ సాగి, మళ్లీ యథాస్థానానికి వచ్చిన ఆసనసిద్ధులు మీరే.

మీకు ముందు మా నడుముల మీద మొలతాడు ఉండేది. దానికి మర్యాద తెలీదు. రెండు వేళ్లు లావెక్కితే చర్మం మీద ఎర్రటి గాటు పెట్టి మరీ చెప్పేది. లాగుబొందు ముడికి అందకుండా పొట్టిదైపోయేది. ప్యాంటు హుక్కు సరిగ్గా పెళ్లి పంక్తిలోనే ఊడి పరువు తీసేది. బీరువాలోంచి తీసిన వడ్డాణం కొక్కెం దాకా రానని మొండికేసేది. అందరూ నోటి దురుసు వాళ్లే గానీ అబద్ధమాడి ఎరగరు. మీరొచ్చి వీళ్లందరినీ ఉద్యోగంలోంచి పీకేశారు. (నైటీ గారికీ లుంగీ గారికీ ఇందులో వాటా ఉంది. వాళ్లకి విడిగా ఉత్తరాలు వెళ్తాయి.)

మీరు సాగి ఇచ్చిన ఆ జాగాలో ఏం కాపురం పెట్టిందో ఎప్పుడైనా చూశారా? కొవ్వంతా ఒకటి కాదు. వేళ్లతో పట్టుకుంటే మడత పడేది చర్మం కింది కొవ్వు. చూడ్డానికి అదే ముందు కనిపిస్తుంది గానీ ఉన్న రెండింటిలో అదే నెమ్మదస్తురాలు. పేచీకోరుది దాని వెనక ఉంటుంది, పేగుల చుట్టూ, కాలేయం పొరుగున. చర్మం కింది కొవ్వు కణాలు మీలాగే ఓ హద్దు దాకా సాగుతాయి. ఆ హద్దు ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉంటుంది. అది దాటాక వచ్చిన కొవ్వు లోపలికి మళ్లి కాలేయంలో, క్లోమంలో, కండల్లో దిగబడుతుంది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు పేగుల నుంచి కాలేయానికి రక్తం మోసే పోర్టల్ సిర పట్టుకుని తిన్నగా కాలేయానికి పోతాయి. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. రక్తంలో చక్కెర చాలినంత ఉన్నా ఇంకా తయారుచేసి వదులుతూనే ఉంటుంది. క్లోమం ఎక్కువ ఇన్సులిన్ పోసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. ఆ కొన్నేళ్లూ పరగడుపు షుగర్ రిపోర్టు నార్మల్ అనే చెబుతుంది. ఆ విషయంలో ఆ రిపోర్టు మీకు వేలు విడిచిన మేనమామ.

ఒంటి మీద మాత్రం ఓ గుర్తు తేలుతుంది. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి, మఖమల్ గుడ్డలా మందమవుతుంది. అది మట్టి అనుకుని సున్నిపిండి పెట్టీ, నిమ్మచెక్క పెట్టీ పిల్లల మెడలు తోమేస్తుంటారు. తోమితే పోయేది కాదది. చాలాసార్లు అది రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతోందని చర్మం రాసుకున్న చీటీ. ఆ పిల్లకి సబ్బు మార్చడం కాదు, నడుము కొలిచి, డాక్టరుకి చూపించాలి.

తక్కినవి మీకూ తెలిసినవే: బీపీ, గురకలో మధ్యమధ్య ఆగిపోయే ఊపిరి, 13 రకాల క్యాన్సర్లతో చుట్టరికం. మోకాళ్ల సంగతి ఒక్కటే చెబుతాం. అరుగుదల మొదలైన మోకాలికి, ఒంట్లో ఒక్క కిలో తగ్గితే అడుగు అడుక్కీ దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. సింహాచలం మెట్ల దారిలో ఆ లెక్క ఎంతవుతుందో మీరే వేసుకోండి.

తూకం యంత్రం ఉందిగా, నేనెందుకు అంటారేమో. ఎత్తుని బట్టి బరువు చూసే బీఎంఐ లెక్కలో మనవాళ్లకి 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. ఆ లెక్క కూడా లోపలి సంగతి పట్టలేదు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్య పరిశోధకులు తమ ఫొటోలే వేసుకున్నారు. ఒకరు పుణెకి చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కి చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ అచ్చంగా 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నగా ఉన్నాం కదా అనుకునే వాళ్లకి అందుకే టేపు కావాలి.

ఆ టేపు ఎక్కడ పెట్టాలో కూడా మీరు మరిపించారు. ప్యాంటు కట్టే చోట కాదు. చివరి పక్కటెముక కింది అంచుని వేలితో తడమండి, తుంటి ఎముక పైఅంచుని తడమండి, ఆ రెండింటికీ మధ్య. పాదాలు కాస్త ఎడం, చేతులు వదులు, టేపు నేలకి సమాంతరం, చర్మానికి ఆనాలి గానీ నొక్కకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగితే అంగుళాలు మాయమవుతాయి, ఆ విద్య ఫొటోలకి దాచుకోండి. రెండుసార్లు కొలిచి సగటు తీస్తే మంచిది. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. అంకెలు గుర్తుండకపోతే ఎత్తులో సగం. 168 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి 84. "నా ప్యాంటు పదేళ్లుగా 34కే ఉందండీ" అనేవాళ్లు ఆ ప్యాంటు పొట్ట కిందికి ఎంత జారిందో చూసుకోవాలి.

ఇక మీ తమ్ముడు, ఆ చెమట పట్టించే పొట్ట బెల్టు. తీసేశాక తగ్గిన సెంటీమీటరు చెమటదీ, నొక్కుడుదీ. మజ్జిగ తాగగానే తిరిగొస్తుంది. గుంజీలు, క్రంచ్‌లు కండని గట్టి చేస్తాయి గానీ ఎంచుకున్న చోట కొవ్వు కరిగించే విద్య వాటికి రాదు. అరగంట నడకకి ఖర్చయ్యేది నూటయాభై కేలరీల లోపే, రెండు మిరపకాయ బజ్జీలు చాలు అది తిరిగి చేరడానికి. (మురీ మిక్చర్ని, అదే మరమరాల మిక్చర్ని, ఇందులోకి లాగకండి. ఉల్లిపాయ, నిమ్మరసం కలిపిన గుప్పెడు మురీలు బజ్జీ పక్కన పసిపిల్లలు.) అలాగని నడక మానమనడం లేదు. తూకంలో ముల్లు కదలకపోయినా లోపలి కొవ్వు నడకకి తగ్గుతుంది.

వంటింట్లో లెక్క ఇంకా సులువు. నలుగురున్న ఇంట్లో నెలకి ఐదు లీటర్ల నూనె అయితే మనిషికి రోజుకి దాదాపు 42 మిల్లీలీటర్లు, అంటే సుమారు 345 కేలరీలు. డబ్బా మీద తేదీ రాసి అదే నెలకి మూడు లీటర్లతో సరిపెడితే రోజుకి దాదాపు 140 కేలరీలు తగ్గుతాయి. బాటిల్ వంచి పోసే ఇంట్లో ఇది జరగదు. చెంచాతో కొలవాలి. 80 కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గినా బీపీ, షుగర్, కాలేయం కొంత ఊపిరి పీల్చుకుంటాయి.

తగ్గాక మళ్లీ పెరిగితే "కట్టుబాటు లేదు" అని మీరు నవ్వుతారు. అది అన్యాయం. బరువు తగ్గగానే ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. మీలాగే అదీ పాత కొలతకి వెనక్కి లాగుతుంది. జన్యువులు, నిద్ర, కొన్ని మందులు కూడా అటే లాగుతాయి. మందుల మీద అనుమానముంటే డాక్టర్ని అడగాలి గానీ సొంతంగా ఆపకూడదు.

మొహమాటం లేని పెద్దమనిషి మన ఊళ్లో ఒకడున్నాడు. 2002లో మ్యూజియం చేసి బీచ్‌లో నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి. అందులో ఒక అర నుంచి ఇంకో అరకి దాటే ద్వారం ఇనుముది. ఎవరొచ్చినా అది అంగుళం సాగదు. ఓసారి వెళ్లి దర్శనం చేసుకు రండి.

ఇట్లు,
మొలతాడు, లాగుబొందు, హుక్కు, వడ్డాణం వారి తరఫున
టేపు పట్టినవాళ్లం

తా.క.: పాత గుడ్డ టేపులు కూడా సాగుతున్నాయి, మీ వంశమే కాబోలు. అందుకని మాది అప్పుడప్పుడు స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూస్తున్నాం.